డాక్టరుగారి రెండో మాట

మూసిన తలుపు అంతలోనే తెరుచుకుంది. దేవమణి పైట సర్దుకుంటూ బయటికి వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చున్న తోటికోడలి ముందు నిలబడింది.

"అయిపోనాదక్కా. గండుసీమ కుట్టినట్టుంది, అంతే."

రూతమ్మ ఒళ్లో రుమాలు మూట ఉంది. అందులో దేవమణి గాజులు, గొలుసు, చెవిదిద్దులు ఉన్నాయి. ఆపరేషన్ బల్ల ఎక్కితే ఒంటి మీద ఏమీ ఉండకూడదని పొద్దున్న తనే సబ్బు నురగ రాసి గాజులు తీయించింది. రాత్రి నుంచి మంచినీళ్లు ముట్టనివ్వలేదు. కాలిగోళ్ల రంగు కూడా బ్లేడుతో గీకించింది.

"మత్తివ్వలేదా?"

"మత్తేటి. గాజులేవని డాక్టరు సేతులు సూపించి అడిగేడు. మా అక్క తీయించిందని నాకొచ్చిన ఒరియాలో సెప్పేను. నవ్వుకున్నాడు." దేవమణి పక్కన కూర్చుని చేతులు చాచింది. "తొడుగు బేగీ. ఆకలి సంపేస్తంది. గేటు కాడ బొండాల బండి ఉన్నాది, ఒచ్చినప్పుడే సూసేను."

రూతమ్మ గాజులు తొడిగింది. ఎడమ చేతివి తొడిగేటప్పుడు ఒకటి చిట్లింది. దేవమణి అది చూడలేదు. తలుపు సందులోంచి లోపలికి చూస్తోంది. డాక్టర్ రథ్ సూదితో తీసింది పూసిన గాజు పలకల మీద ఏదో రాసి, స్పిరిట్ సీసాలో వేసి, మూత బిగిస్తున్నాడు.

"ఆటిని ఇశాపట్నం బస్సులో పంపుతారంట. శుక్రారం కాగితమొస్తాదంట. అంతేనా అక్కా?"

"అంతే," అంది రూతమ్మ.

ఆమెను పద్మపూర్ నుంచి పిలిపించింది ఇందుకే. పద్మపూర్ బడిలో మాస్టారు అంద్రెయ ఆమె భర్త. పెళ్లయింది మొదలు అక్కడే ఉండటాన ఒరియా ఆమెకు ఇంటిభాష అయింది. మరిది శుభాకర్ సెమిలిగుడ దగ్గర అల్యూమినియం ఫ్యాక్టరీలో ఫిట్టరు. దేవమణి పాలకొండ నుంచి వచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆమెకు ఒరియాలో వంకాయల బేరం తప్ప మరేమీ రాదు. రొమ్ములో గడ్డ తగిలిందని కంపెనీ డాక్టరు కొరాపుట్ ఆస్పత్రికి రాసిచ్చినప్పుడు శుభాకర్ అన్నకు ఫోను చేసి, వదిన వస్తే బాగుంటుందన్నాడు. ఒరియా సంగతి చెప్పాడు. రెండో సంగతి చెప్పలేదు. ఇంట్లో ఆ దారిన వెళ్లొచ్చిన మనిషి రూతమ్మ ఒక్కతే.

బొండాల బండి దగ్గర దేవమణి నిలబడే తింది. నూనె కాగితానికి చేతులు తుడుచుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటకముందే నిద్రపోయింది. తల రూతమ్మ భుజం మీద వాలింది. రూతమ్మ ఆ తలను తోసెయ్యలేదు. సెమిలిగుడ దాకా కదలకుండా కూర్చుంది.

సాయంత్రం క్వార్టర్లో దేవమణి తలుపేసి జాకెట్ హుక్కులు విప్పి చూపించింది. బొట్టుబిళ్లంత ప్లాస్టరు.

"ఇదేనక్కా. దీనికోసం నిన్న రాత్తిరంతా ఏడిసేను."

రూతమ్మ ఆ ప్లాస్టరు వంక చూసింది. అల్మారాకు నిలువుటద్దం ఉంది. అందులో దేవమణి వీపు, తన ముఖం కనబడుతున్నాయి. ఆమె పక్కకు జరిగింది.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడు ఆమెకూ ఇలాగే ముక్క తీసి చూస్తామన్నారు. ఆ ఆస్పత్రి వేరు, ఊరు వేరు. మెలకువ వచ్చేసరికి తీసింది ముక్క కాదు. మత్తులో ఉండగానే చూసి, చెయ్యవలసిందంతా ఒక్కసారే చేసేశారు. అప్పుడు పద్ధతి అదేనన్నారు. కాగితం మీద సంతకం అంద్రెయది. తర్వాత ఆమె ఎవరి దగ్గర నోరు విప్పినా ఒకటే జవాబు: బతికున్నావు కదా. అది నిజం. అందుకని దానికి తిరుగు మాట లేదు.

"హుక్కులు ఎట్టుకో," అంది రూతమ్మ. "సలిగాలి."

మే నెలలో చలిగాలి ఏమిటని దేవమణి నవ్వింది.

శుక్రవారం శుభాకర్ సెలవు పెట్టాడు. స్కూటరుతో గేటు దగ్గర ఉన్నాడు. ఆడవాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు.

డాక్టర్ రథ్ కాగితం చదివి బల్ల మీద పెట్టి, "కిచ్ఛి మిళిలా నాహిఁ," అన్నాడు.

"నాహిఁ అంటే లేదనే కదక్కా?" అంది దేవమణి.

"ఊఁ."

"ఏటీ లేదా?"

"ఏటీ దొరకలేదంట."

దేవమణి లేచింది. డాక్టరుకు దణ్ణం పెట్టింది. కళ్లు మూసుకుని తల పైకెత్తి ఇంకో దణ్ణం పెట్టింది. మొగుడికి చెప్పాలని చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బయటికి పోయింది. వరండాలో ఆమె పరుగు వినబడుతోంది.

డాక్టరు తలుపు వైపు చూశాడు. "నా మాట పూర్తి కాలేదు," అన్నాడు ఒరియాలో. "దొరకలేదంటే లేదని కాదమ్మా. సూది గడ్డ పక్కనుంచి పోయి ఉండొచ్చు. సూదికి దొరికితే నమ్ముతాం. దొరక్కపోతే నమ్మకూడదు. నా చేతికి ఆ గడ్డ గట్టిగానే తగిలింది. మంగళవారం తీసుకురండి. గడ్డవరకూ కోసి తీసి, దాన్నే పంపుదాం."

ఆ మాటతో రూతమ్మకు లోపల తేలికైంది. ఎండలో నడిచొచ్చి కుండనీళ్లు తాగినట్టుంది. నవ్వు పెదాల దాకా వచ్చింది. అదేమిటో తెలిసేసరికి ఆమె చెయ్యి కుర్చీ అంచును పట్టుకుంది.

"మీరు చెబుతారా? వెనక్కి పిలిపించనా?"

"నేనే చెబుతాను," అంది.

మరిచిపోయిన చెప్పులు చేత్తో పట్టుకుని వరండా వెంట నడిచింది. డాక్టరు మాటను తెలుగులో కూర్చి చూసుకుంది. మంగళవారం మళ్లీ రమ్మంటున్నాడే అమ్మీ. బాగాలేదు. కోసి చూడాలంటున్నాడు. అదీ బాగాలేదు. ఎలా కూర్చినా చివర తన గొంతే వినబడుతోంది. ఆ గొంతు నవ్వుతోంది.

గేటు దగ్గర శుభాకర్ కళ్లు తుడుచుకుంటున్నాడు. "వదినా, నీ నోటంట ఇంకోసారి సెప్పు. ఏటన్నాడు?"

"ఏటీ దొరకలేదన్నాడు."

అది అబద్ధం కాదు. మాట అక్కడితో ఆగిపోయింది.

శనివారమంతా రూతమ్మ క్వార్టర్లోని కుట్టుమిషను ముందే కూర్చుంది. పద్మపూర్లో టీచర్లందరికీ జాకెట్లు ఆమే కుడుతుంది. ఇక్కడికి వచ్చేటప్పుడు కత్తెర, టేపు వెంట తెచ్చుకుంది. శుభాకర్ సంతోషం కొద్దీ పెళ్లానికి రెండు జాకెట్ల గుడ్డ తెచ్చాడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి గులాబి. రూతమ్మ గుడ్డ నాలుగు మడతలు వేసి, సుద్దముక్కతో గీతలు గీసి, ముందు భాగానికి రెండు వైపులా రొమ్ము కుదిరే మడతలకు డాట్లు గుర్తు పెట్టింది. కుడివైపు డాటు, ఎడమవైపు డాటు సమానంగా వచ్చాయో లేదో మళ్లీ కొలిచింది. తన జాకెట్లకు ఎడమవైపు డాటు ఒంటి కొలతతో కుట్టడం మానేసి చాలా కాలమైంది.

రేపు చెబుదాం అనుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక తోమాసుగారు కుటుంబంతో క్వార్టరుకు వచ్చారు. సంఘ పెద్ద. కృతజ్ఞత ప్రార్థన పెట్టారు. చాపల మీద మనుషులు పట్టలేదు. గ్యాసు పొయ్యి మీద కోడి ఉడుకుతోంది. దేవమణి తలమీద కొంగు వేసుకుని సాక్ష్యం చెప్పింది. భయపడిన సంగతి, గాజులు తీసిన సంగతి, బొండాలు తిన్న సంగతి కూడా చెప్పింది. బొండాల దగ్గర అందరూ నవ్వారు.

"ఇప్పుడు మా అక్క సెప్తాది," అంది. "దేవుడు అక్కనీ కాపాడేడు, నన్నూ కాపాడేడు. అక్కని కోతతో కాపాడేడు, నన్ను సూదితో."

ఆమె మనసులో ఏమీ లేదు. నోటికొచ్చిన మాట అన్నది, అంతే. చాప మీద ఆడవాళ్లు కొందరు రూతమ్మ వంక, ఆమె పైట వంక చూసి తల దించుకున్నారు.

"నాకు గొంతు బాగోలేదు," అంది రూతమ్మ. లేచి వంటింట్లోకి పోయి కోడిని కలిపింది. అడుగంటలేదు. అయినా కలుపుతూ నిలబడింది.

నాకు కోత ఎందుకు, దీనికి సూది ఎందుకు అని దేవుణ్ని అడగాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. అడగదలుచుకున్నది మనుషుల్ని. దీన్ని ముందు కూర్చోబెట్టి చెప్పారు. అది తిరిగి ఇంటికొచ్చి అన్నం తింది, అద్దంలో చూసుకుంది, మొగుడితో నవ్వింది. తనకి అలాంటి వారం ఒక్కటి ఇవ్వలేకపోయారా? కావాలంటే తర్వాతే కోసుకునేవారు.

ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. మంగళవారం ఈ పిల్లనీ కోస్తారు. ఆమె పొయ్యి మంట తగ్గించింది.

సోమవారం శుభాకర్ డ్యూటీకి వెళ్లాక దేవమణి గులాబి జాకెట్ తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడింది. రూతమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని చంక కింద కుట్టు సరిచూస్తోంది.

"ఇంకొంచెం బిగించక్కా. ముసిలమ్మ జాకెట్లా ఉన్నాది. ఇప్పుడు దాసుకోడానికి ఏటున్నాది నాకు?"

"సెయ్యెత్తు."

దేవమణి చెయ్యెత్తింది. జాకెట్ ముందు భాగం ఇంకా హుక్కులు లేకుండా తెరిచే ఉంది. ప్లాస్టరు ఊడిపోయింది. చెయ్యి పైకి పోయినప్పుడు కింద చర్మం ఒకచోట లోపలికి గుంజుకుంది. లోపలినుంచి ఎవరో దారం లాగి ముడేసినట్టుంది. చెయ్యి దింపితే పోయింది.

రూతమ్మ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది.

"అమ్మీ, ఇలాగ కూకో."

"ఏటి, పొడుగు తక్కువైనాదా?"

"శుక్రారం నువ్వెల్లిపోయేక డాక్టరు ఇంకో మాటన్నాడు. సూదికి దొరకలేదంటే లేదని కాదంట. గడ్డ కోసి తీసి సూడాలంట. రేపు రమ్మన్నాడు."

దేవమణి కూర్చోలేదు. జాకెట్ అంచులు రెండూ దగ్గరికి లాక్కుంది.

"శుక్రారమా?"

"ఊఁ."

"నిన్న ఇంటినిండా మనుసుల్ని పిలిసి దేవుడికి వందనాలు సెప్పించేను. నువ్వు కోడి కలపతా నిలబడ్డావు. అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"మరెందుకు సెప్పలేదు?"

రూతమ్మ టేపును వేలికి చుట్టింది. విప్పింది. "డాక్టరు ఆ మాట అనగానే నాకు సంతోసమేసింది," అంది. "ఆ సంతోసం నోట్లో ఎట్టుకుని నీకెలా సెప్పను?"

బయట కుళాయి దగ్గర ఎవరో బిందె కడుగుతుంటే, దేవమణి కిటికీ రెక్క దగ్గరగా వేసింది.

"నాకు తెలుసు," అంది. "మొదటి రోజే తెలుసు. ప్లాస్టరు సూపించినప్పుడు నీ మొకం సూసేను. నీకు నేనంటే కుళ్లు."

"ఉన్నాది."

"నిన్ను కోసేరు కాబట్టి నన్నూ కొయ్యాల. అంతేనా?"

"అలాగే అనిపించింది. ఇప్పుడూ అనిపిస్తంది. నాకు కుళ్లున్నాదని రేపు ఆస్పత్రికి ఎల్డం మానేస్తావేటి?"

"నువ్వు సెప్పింది నిజమని ఎలా నమ్మమంటావు? కోయించడానికి నువ్వే కల్పించేవేమో."

రూతమ్మకు కోపం రాలేదు. ఆ మాటకు ఈ పిల్లకు హక్కుంది. దగ్గరగా వచ్చి, దేవమణి చెయ్యి పట్టుకుని పైకెత్తి, రెండో చేత్తో అల్మారా తలుపును అద్దం కనబడేలా తిప్పింది. "నన్ను నమ్మొద్దు. అక్కడ సూడు, గడ్డ సర్మాన్ని లోనికి లాగతంది."

దేవమణి చూసింది. చెయ్యి దింపింది. మళ్లీ తనంతట తనే ఎత్తి చూసుకుంది.

మధ్యాహ్నం శుభాకర్ వచ్చి విన్నాడు. టిఫిను డబ్బా కింద పెట్టకుండానే నిలబడిపోయాడు. "వదినా, డాక్టరు ఆ మాట నిజంగానే అన్నాడా?" అన్నాడు.

"రేపు ఇంకో మనిసిని తీసుకెల్లు," అంది రూతమ్మ. "నేను లోపలికి రాను. బయటే కూకుంటాను."

మంగళవారం కంపెనీ వ్యాను డ్రైవరు సత్తిబాబు లోపలికి వెళ్లాడు. పర్లాకిమిడి మనిషి, రెండు భాషలూ వచ్చు. కాసేపటికి బయటికొచ్చి, శుభాకర్ వినేలా అన్నాడు: "అది డాక్టరుగారు సెప్పిన మాటే. శుక్రారమే సెప్పి పంపేనంటున్నారు. ఇన్నాళ్లూ ఏటి సేసేరని అడగతన్నారు."

శుభాకర్ నేల చూశాడు. దేవమణి రూతమ్మ వైపు చూసింది. గాజులు తనే తీసి మొగుడి చేతిలో పెట్టింది. రూతమ్మకు ఇవ్వలేదు.

అప్పుడూ పూర్తి మత్తు ఇవ్వలేదు. ఆ చోటు మొద్దుబారేలా ఇంజెక్షనిచ్చి గడ్డ తీశారు. దేవమణి నడిచే బయటికొచ్చింది. గుడ్డ కట్టు కట్టారు. కోసినా, కట్టు కింద మనిషి మనిషిలాగే ఉంది. రూతమ్మ అది చూసింది. కోయడంలో కూడా ఇలాంటి కోత ఒకటి ఉందన్న సంగతి ఆమెకు ఆరోజే తెలిసింది.

తర్వాతి వారమంతా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. దేవమణి నోట ఉప్పు, చింతపండు తప్ప మాటల్లేవు. రూతమ్మ పద్మపూర్ బస్సెక్కుతానంది. "ఎల్తానంటే ఎల్లు," అంది దేవమణి. మర్నాడు పొద్దున్న రూతమ్మ పెట్టె సర్దుకుంటే, దేవమణి అందులోంచి చీరలు తీసి దండెం మీద ఆరేసింది. ఆరిన చీరలే. రూతమ్మ ఉండిపోయింది.

కాగితం వచ్చిన రోజు శుభాకర్, సత్తిబాబు దేవమణితో లోపలికి వెళ్లారు. రూతమ్మ బల్ల మీద కూర్చుంది. కొంతసేపటికి సత్తిబాబు ఒక్కడే వచ్చాడు.

"అమ్మా, మిమ్మల్ని పిలస్తన్నారు."

"డాక్టరా?"

"కాదు. ఆ అమ్మే. అక్కే సెప్పాలంట, నేను సెప్తే ఇనదంట."

లోపల శుభాకర్ గోడకు ఆనుకుని ఉన్నాడు. దేవమణి కుర్చీలో నిటారుగా కూర్చుంది. రూతమ్మ రాగానే, "ఇప్పుడు సెప్పమను," అంది. "ఒక్క ముక్క వొదలొద్దు."

డాక్టరు చెప్పాడు. రూతమ్మ వాక్యం వాక్యం ఆపి తెలుగులో చెప్పింది. అది క్యాన్సరు గడ్డే. చిన్నదిగా ఉన్నప్పుడే బయటపడింది. సూది కాగితం నమ్ముకుని ఊరుకుని ఉంటే ఎప్పటికి తెలిసేదో చెప్పలేం. ఇప్పుడు రొమ్ము మొత్తం తీసెయ్యాలని తన సలహా. తీస్తే ఏమిటి, తియ్యకపోతే ఏమిటి, అదంతా విప్పి చెప్పాడు. ఏదీ వదలకుండా ఆమె తెలుగు చేసింది. గొంతు ఎక్కడా తడబడలేదు.

డాక్టరు కాగితం పక్కన పెట్టాడు. శుభాకర్ వైపు చూడలేదు. దేవమణినే చూస్తూ, ఒరియాలో చిన్న మాట ఒకటి అడిగాడు.

రూతమ్మ ఆగిపోయింది.

"ఏటన్నాడు?" అంది దేవమణి.

డాక్టరు తన మాట అర్థం కాలేదనుకుని మళ్లీ మెల్లగా అడిగాడు. ఆమెకు మొదటిసారే అర్థమైంది.

"అక్కా, వదలొద్దన్నాను కదా."

"నీ ఇష్టమేటి అని అడగతన్నాడు," అంది రూతమ్మ. "నువ్వు ఒప్పుకుంటేనే సేస్తాడంట. ఇంటికెల్లి ఆలోసించుకుని రమ్మంటున్నాడు."

చెప్పేసి గోడ వైపు తిరిగింది. అక్కడ మందుల కంపెనీ క్యాలెండరు ఉంది. అందులో ఏముందో ఆమె చూడలేదు.

ఇంటికొచ్చాక శుభాకర్ను అంద్రెయకు ఫోను చెయ్యమని దేవమణే బయటికి పంపింది. తలుపు గడియ పెట్టింది. మంచం అంచున కూర్చుంది.

"అక్కా, నాకొకటి సూపించు."

"ఏటి?"

"తీసేసేక ఏటి మిగుల్తాదో సూపించు. డాక్టరు సెప్పేడు, నువ్వు సెప్పేవు. నాకు మాటలొద్దు."

ఆ చోటు అంద్రెయ కూడా చూడలేదు. దీపం ఆర్పాకే బట్ట మార్చుకునే ఆడమనిషి రూతమ్మ. తలుపు గడియ ఇంకోసారి చూసుకుంది. పైట తీసి మంచం మీద పెట్టింది. హుక్కులు విప్పి, లోపల తాళ్లతో కట్టుకున్న గుడ్డసంచి తీసి పక్కన పెట్టింది. కిటికీ వెలుతురుకు ఎదురుగా నిలబడింది.

దేవమణి ముందు సంచిని చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది.

"ఏటేసేవు ఇందులో?"

"దూది. బరువుకి గుప్పెడు సోళ్ల గింజలు. వానాకాలం పురుగు పడతాది, మార్సుకోవాల."

"దీనికి నువ్వే కొలత తీసుకున్నావా?"

"మరెవరు తీస్తారు?"

దేవమణి సంచి ఒళ్లో పెట్టుకుని అప్పుడు తలెత్తింది. చంక నుంచి రొమ్ము ఎముక దాకా పోయిన గీతను, దాని చుట్టూ ఎముకలకు అంటుకున్న చర్మాన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని రూతమ్మ ఎదురుచూసింది. ఏడవలేదు.

"నీకు అయిపోనాదక్కా," అంది. "పదేళ్లయిపోనాది. నువ్వు బతికే ఉన్నావు. జాకెట్లు కుడతన్నావు. నాకింకా రాలేదు ఆ రోజు. నీకైతే అయిపోనాది."

ఆ గొంతులో ఏముందో రూతమ్మ వెంటనే పోల్చుకుంది. ఇన్నాళ్లూ ఆ కుళ్లు తన ఒక్కదాని దగ్గరే ఉందనుకుంది. తనవైపు ఎవరైనా అలా చూస్తారని ఎన్నడూ అనుకోలేదు.

ఆమె చెయ్యి హుక్కుల మీదికి పోయింది.

"ఉండు," అంది దేవమణి. "నేనింకా సూడడం అవ్వలేదు."

రూతమ్మ చెయ్యి కిందికి దింపింది.